గుర్రానికి ఏ కళ్ళెం పెట్టాలి, బిట్ ఉన్నదా లేనిదా: నోరు చూడ్డం దగ్గర్నుంచి మొదలుపెడదాం

మనం దేన్నైనా అదుపులో పెట్టాలంటే కళ్ళెం వెయ్యాలి అంటాం కదా, ధరలకి కళ్ళెం, కోపానికి కళ్ళెం, ఖర్చుకి కళ్ళెం. ఆ మాట వినీ వినీ అనుకుంటా, గుర్రం కొన్న ప్రతివాడి బుర్రలో కళ్ళెం అంటే బ్రేకు అని పడిపోయింది. గుర్రం ఆగట్లేదంటే ఇంకా గట్టి కళ్ళెం, తల ఎగరేస్తోందంటే గొలుసు కళ్ళెం, అప్పటికీ వినకపోతే మెలికల ఇనుము. నా దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళలో చాలామంది మొదటి మాట "అన్నా, గట్టిగా ఆపే కళ్ళెం ఏదైనా ఉందా" అనే. అందుకే తెలిసిందంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను, కొంచెం పెద్దదే అవుతాది, ఓపిగ్గా చదవండి.

మాది నెల్లిమర్ల దగ్గర. తాత విజయనగరం స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు, ఇప్పుడు నా దగ్గర మూడు గుర్రాలున్నాయి, పెళ్ళి ఊరేగింపులకి వెళ్తాయి, పండగ రోజుల్లో పిల్లల్ని ఎక్కించుకుంటాయి, మిగతా రోజుల్లో చంపావతి ఇసకలో నేనే ఎక్కి తిప్పుతాను.

మాటలు ముందు సర్దుకుందాం, లేకపోతే మధ్యలో తికమక అవుద్ది. మనవైపు తలకి కట్టే సామాను మొత్తాన్నీ కళ్ళెం అనేస్తాం. నేను ఇక్కడ నోట్లో పెట్టే ముక్కని బిట్ అంటాను, తలకి తగిలించే పట్టీలని తలకట్టు, ముక్కు చుట్టూ వచ్చేదాన్ని ముక్కు పట్టీ, చేతిలో ఉండేవి పగ్గాలు. బిట్ లేకుండా ముక్కు పట్టీకే పగ్గాలు కట్టేవాటిని బిట్ లేని కళ్ళెం అంటాను.

మా గౌరి సంగతి చెప్పకుండా ముందుకెళ్ళలేను. నాలుగేళ్ళ ఆడగుర్రం, సంతలో కొన్నాను, వచ్చేటప్పుడే నోట్లో మెలికలు తిప్పిన సన్నటి ఇనప కమ్మీ ఉంది. అమ్మినాయన "ఇది తీస్తే మీ చేతికి ఆగదు బాబూ" అన్నాడు, నేను నమ్మేశాను. మొదటి ఊరేగింపులోనే ముందుకాళ్ళు పైకి లేపేసింది, పెళ్ళికొడుకు పడలేదు గానీ పడినంత పనైంది. అందరూ గొలుసున్నది పెట్టమన్నారు, పెట్టాను, నాలుగు నెలలు అలాగే లాక్కొచ్చాను. రోజురోజుకీ తల ఎగరెయ్యడం ఎక్కువైంది, దాణా నముల్తూ సగం కింద పడేసేది. ఆఖరికి పశువుల డాక్టరు గారొచ్చి నోరు తెరిచి చూస్తే నాలుక మీద అడ్డంగా పాత కోత మచ్చ ఒకటి, పై దవడలో బిట్ తగిలే చోటే చిన్న పన్ను ఒకటి పొడుచుకొచ్చి ఉంది. ఆ గుర్రం నాలుగు నెలలు నాకు నొప్పి అని చెప్తానే ఉంది, నేను ఇంకా నొప్పి పెట్టే ఇనుము కొంటానే ఉన్నాను. ఆ పన్ను తీయించి, పుళ్ళు మానిందాకా బిట్ లేకుండా తిప్పితే అదే గౌరి నోటి మాటకి ఆగడం మొదలెట్టింది.

1. ముందు నోరు చూడాలి

మా తాత గుర్రం బేరానికెళ్తే డెక్కలు చూసేముందే నోరు చూసేవాడు. "ఒరే గుంటడా, నోట్లో సెయ్యెట్టి సూడు ముందు, రంగు తరవాత సూద్దువు గానీ" అనేవాడు. కళ్ళెం కొనడానికి కూడా అదే వరస.

గుర్రానికి ముందు కొరికే పళ్ళుంటాయి, వెనక నమిలే దవడ పళ్ళుంటాయి, ఈ రెండిటికీ మధ్య కొంత మేర ఉత్త చిగురే. బిట్ కూర్చునేది ఆ ఖాళీలో. దేవుడు కళ్ళెం కోసమే ఆ ఖాళీ వదిలాడని పాతోళ్ళు అంటారు గానీ అక్కడ చిగురు చాలా పల్చన, దాని కింద దవడ ఎముక అంచు సన్నగా ఉంటాది. మీ మోకాలి కింద ముందువైపు ఎముక ఉంది కదా, దాని మీద స్టీలు గ్లాసు అంచు పెట్టి ఒకసారి నొక్కి చూసుకోండి, గుర్రం సంగతి వెంటనే తెలుస్తాది. అక్కడ రోజూ గట్టిగా నొక్కుడు పడితే ఎముక మీద బొడిపెలు కట్టేస్తాయి, పైకి ఏమీ కనపడదు.

చూడ్డం ఎలాగంటే, గుర్రాన్ని నిదానపరిచి, పక్కన నిలబడి, పెదాల మూల దగ్గర పళ్ళు లేని ఆ ఖాళీలోనే బొటనవేలు పెట్టాలి, అంతకంటే వెనక్కి మాత్రం వేలు పోనివ్వద్దు, దవడ పళ్ళ మధ్య పడితే వేలు మిగలదు. పెదాల మూలల్లో పుళ్ళు, పగుళ్ళు, తెల్లబడిన మచ్చలు ఉన్నాయేమో చూడండి. నాలుక మీద కోతలు, నీలంగా కమిలిన చోట్లు చూడండి. చిగురు మీద వేలితో మెల్లగా రాస్తే గట్టిగా బొడిపె తగుల్తోందేమో, గుర్రం ఉలిక్కిపడుతోందేమో చూడండి. నాలుక ఎంత లావుగా ఉంది, అంగిలి ఎంత కిందికుంది అనేది కూడా ఇప్పుడే గమనించాలి, ఇది తర్వాత పనికొస్తాది.

గౌరికి దొరికినలాంటి చిన్న పన్నుని తోడేలు పన్ను అంటారు, దవడ పళ్ళకి కాస్త ముందు వస్తాది, ఎక్కువగా పై దవడలోనే. అన్ని గుర్రాలకీ ఉండదు, ఉంటే చాలావరకు మొదటి ఏడాది, ఏడాదిన్నర లోపే బయటకొచ్చేస్తాది. బిట్ తగిల్తే నొప్పి కాబట్టి బిట్ అలవాటు చేసే ముందే డాక్టరు చేత తీయించేస్తారు. మగ గుర్రాలకి నాలుగైదేళ్ళప్పుడు ఆ ఖాళీలో కోరపళ్ళు కూడా వస్తాయి, ఆడవాటికి ఎక్కువగా రావు, వచ్చినా చిన్నవే. ఇంకోటి, రెండున్నర ఏళ్ళ నుంచి నాలుగున్నర ఏళ్ళ దాకా పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి, సరిగ్గా ఆ వయసులోనే మనం సవారీ మొదలెడతాం. మన పిల్లలకి పళ్ళు ఊడే వయసులో చెరుకు ముక్క ఇస్తే ఎలా ఉంటాదో అంతే. ఆ వయసు గుర్రం ఒక వారం బాగుండి ఇంకో వారం తిక్కగా ఉంటే ముందు పళ్ళే అనుమానించండి.

దవడ పళ్ళు మాత్రం మనం చూడలేం, డాక్టరే చూడాలి. మత్తిచ్చి, నోరు తెరిచి పట్టే ఇనప చట్రం పెట్టి చూస్తారు. పై పళ్ళు బుగ్గ వైపు, కింది పళ్ళు నాలుక వైపు రంపంలా పదునెక్కుతాయి, వాటిని ఆకురాయితో అరగదీస్తారు. మన జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, దగ్గర్లో గుర్రాలు చూసే డాక్టరు లేకపోతే అక్కడ వాకబు చెయ్యండి. బిట్ లేని కళ్ళెం వాడేవాళ్ళు "మాకు పళ్ళతో పనేముంది" అనుకుంటారు, అది పెద్ద పొరపాటు. ముక్కు పట్టీ బిగిస్తే బుగ్గ వెళ్ళి ఆ పదును పళ్ళకే ఒరుసుకుంటాది, లోపల పుండు పడతాది.

నోటితో పాటు జీను కింద వెన్ను కూడా తడిమి చూడండి. జీను గుచ్చుకుంటే పరిగెడతాది, పరిగెడితే మనం పగ్గం లాగుతాం, తప్పు నోటి మీదకి తోసేస్తాం. దాణా సంగతీ అంతే, రోజంతా కట్టేసి ఉలవలు దట్టంగా పెట్టి సాయంత్రం బయటికి తీస్తే ఏ కళ్ళెమూ ఆపదు.

2. ఏం పనికి, ఎవరి చేతికి

ఈ ప్రశ్నకి సమాధానం లేకుండా షాపుకి వెళ్ళకండి. మీరొక్కరే ఎక్కుతారా, అద్దెకి ఎవరెవరో ఎక్కుతారా? బండికి కడతారా? ఎస్.కోట దాటి అనంతగిరి కొండల్లో సంతకి సామాను మోసే గుర్రం అవసరం వేరు, కళింగపట్నం ఇసకలో దౌడు తీసే గుర్రం అవసరం వేరు, బ్యాండు మేళం మధ్య నిలబడే గుర్రం అవసరం వేరు.

చెయ్యి ఇంకా కుదురుకోని మనిషి, అంటే ఇప్పుడిప్పుడే నేర్చుకునేవాడు, తూలినప్పుడల్లా పగ్గాల మీదే ఆనుకుంటాడు. అలాంటి చేతికి నోట్లోకి వెళ్ళే పగ్గం ఇవ్వకపోవడమే మంచిది. మా దగ్గర పిల్లలు ఎక్కేటప్పుడు గుర్రానికి ఉత్త ముక్కు పట్టీ కళ్ళెమే, పక్కన నడిచే మనిషి చేతిలో తాడు ఉంటాది, పిల్లలకి జీను ముందున్న పట్టీ పట్టుకోమని చెప్తాం.

పోటీలకి వెళ్ళాలనుకునేవాళ్ళు మాత్రం ముందే రూల్స్ చూసుకోండి. గుర్రపు పోటీల అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఈఐ పోటీల్లో డ్రెస్సాజ్‌కి, అంటే గుర్రం చేత లెక్కగా అడుగులు వేయించే పోటీకి, బిట్ తప్పనిసరి, జంపింగ్‌లో బిట్ లేని కళ్ళేలు కూడా ఒప్పుకుంటారు.

3. కొలత

కొలత లేకుండా కొన్న బిట్టు సైజు తెలీకుండా కొన్న చెప్పుల్లాంటిదే. నున్నటి కర్ర ముక్క ఒకటి, వేలు లావుది, పేళ్ళు లేకుండా సానపట్టి కడిగి, బిట్ కూర్చునే చోట అడ్డంగా పెట్టండి. పెదాలు అంటీ అంటనట్టు ఉన్న చోట రెండువైపులా గుర్తు పెట్టుకుని ఆ మధ్య దూరం కొలవండి. చిన్న తట్టు గుర్రాలకి నాలుగు, నాలుగున్నర అంగుళాలు వస్తాది, కథియవారీ, మార్వారీ జాతులు కలిసినవాటికి ఎక్కువగా అయిదు అంగుళాల చుట్టుపక్కల వస్తాది, కానీ లెక్క చూసి కొనకండి, మీ గుర్రాన్ని కొలిచే కొనండి. రింగు అటూ ఇటూ జారే రకమైతే ఒక్కో వైపు పావు అంగుళం ఎక్కువ ఉండాలి, లేదంటే పెదవి రింగు సందులో ఇరుక్కుంటాది. రింగు కదలని రకానికి అంత అక్కర్లేదు. మరీ వెడల్పయితే ఒక పగ్గం లాగినప్పుడు బిట్ అటు జారి మధ్య కీలు పక్కకి వచ్చేసి గుచ్చుకుంటాది, మరీ ఇరుకైతే పెదవి నలుగుతాది.

లావు విషయంలో మాత్రం మనవాళ్ళు ఎక్కువ పొరబడతారు. లావుగా ఉంటే మెత్తన, సన్నగా ఉంటే పదును అని లెక్క. సగమే నిజం అది. సన్నటి కమ్మీ కోస్తాది, నిజమే, మెలికలు తిప్పిన సన్నటి కమ్మీ అయితే ఇంకా దారుణం. కానీ గుర్రం నోరు మూసుకుంటే లోపల నాలుకే నిండిపోయి ఉంటాది, బిట్టుకి మిగిలే చోటు చాలా తక్కువ. లావు నాలుక, కిందికున్న అంగిలి ఉన్న గుర్రానికి గొట్టంలాంటి బిట్ పెడితే అది నోరు మూసుకోలేక అవస్థ పడతాది. నోరు చూసేటప్పుడు నాలుక గమనించమన్నది ఇందుకే. మామూలు గుర్రానికి 14 నుంచి 16 మిల్లీమీటర్ల లావు దగ్గర మొదలెట్టండి.

4. బిట్ పెట్టేటట్టయితే

బిట్లు వందల రకాలు కనిపిస్తాయి గానీ అసలు తేడా ఒక్కటే. పగ్గం నేరుగా నోటి పక్క రింగుకి కడితే అది స్నాఫిల్, మీ చెయ్యి ఎంత లాగితే గుర్రం నోటికి అంతే తెలుస్తాది. రింగుకి బదులు కిందకి పొడుగాటి కాడ ఉండి, పగ్గం ఆ కాడ చివర కట్టి, గడ్డం కింద గొలుసు ఉంటే అది మీట బిట్, చెయ్యి లాగినదానికి ఎన్నో రెట్లు. మధ్యలో కీలు ఉన్నంత మాత్రాన స్నాఫిల్ అయిపోదు, కాడలున్న కీలు బిట్టుని స్నాఫిల్ అని అమ్ముతుంటారు, పగ్గం కట్టేది కాడకా, రింగుకా అదే చూడండి.

స్నాఫిల్‌లో మధ్యలో ఒకటే కీలు ఉన్నది అందరిదగ్గరా ఉంటాది. రెండు పగ్గాలూ ఒకేసారి లాగితే అది అడకత్తెరలా మడిచి నాలుకని నొక్కుతాది, అంగిలి తక్కువుంటే కీలు పైకి తగుల్తాది. దానికంటే రెండు కీళ్ళుండి మధ్యలో గుండ్రటి గింజ ఉన్న రకం చాలా గుర్రాలకి హాయిగా ఉంటాది. నేను కొత్తగా ఏ గుర్రానికి బిట్ మొదలెట్టినా దీంతోనే మొదలెడతాను. ఇక్కడొక జాగ్రత్త, మధ్యలో గింజకి బదులు పలక ఉంటాది కొన్నిటికి, ఆ పలక నాలుక మీద వాటంగా పడుకునేది ఒక రకం, అంచు మీద నిలబడి నాలుకని నొక్కేది ఇంకో రకం, రెండూ షాపులో ఒకేలా కనిపిస్తాయి, చేతిమీద పెట్టుకుని లాగి చూస్తే అంచు తగిలేది తెలిసిపోద్ది. అసలు కీలే లేకుండా కొంచెం వంపుగా ఉన్న కడ్డీ రకం కూడా ఉంది, నాలుక మీద బరువు సమంగా పడతాది, నోట్లో కదలిక నచ్చని గుర్రాలు దీంతో కుదుటపడతాయి, కాకపోతే ఒక్కో వైపు విడిగా సైగ చెయ్యడం కష్టం.

రింగుల్లో, జారే గుండ్రటి రింగు బిట్టుని నోట్లో కదలనిస్తాది, గుడ్డు ఆకారం బిగుతుది నిలకడగా ఉంటాది, పైకీ కిందకీ పొడుగు కాడలున్నది (పగ్గం రింగుకే కడతాం కాబట్టి ఇది మీట కాదు) మలుపు నేర్పడానికి పనికొస్తాది, ఎందుకంటే నోట్లోంచి అటువైపు జారిపోదు.

లోహం విషయానికొస్తే మన తీరంలో స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. ఉప్పుగాలికి మామూలు ఇనుము వారానికే గరుకెక్కిపోతాది. నికెల్ పూత వేసిన చవక రకం పూత లేచిపోయి ఆ పెచ్చు బ్లేడులా కోస్తాది, నెలకోసారైనా వేలితో తడిమి చూడాలి. రాగి కలిసినవి కొన్ని గుర్రాలు ఇష్టంగా చప్పరిస్తాయి, లాలాజలం ఊరుతాది, కానీ మెత్తటి లోహం కాబట్టి కీళ్ళ దగ్గర అరిగి అంచు తేలుతాది. రబ్బరు తొడుగు నమిలేస్తే లోపలి ఇనుము బయటపడతాది.

మీట బిట్ గురించి వివరంగా చెప్పాలి, మన ఊరేగింపు గుర్రాల నోళ్ళలో ఎక్కువగా ఉండేది అదే. బిట్ పైన కాడ రెండు అంగుళాలు, కింద కాడ ఆరు అంగుళాలు అనుకోండి, మూడింతలు. మీరు కిలో బరువంత లాగితే గడ్డం కింద గొలుసు దగ్గర మూడు కిలోలంత పడతాది, గొలుసుకీ మీ చేతికీ మధ్య ఇరుక్కున్న చిగురు మీద ఇంకా ఎక్కువ. ఇది చెడ్డదని అనను, బాగా నేర్చిన గుర్రానికి, ఒక్క వేలు కదిపితే చాలు అనే చేతికి ఇది చిన్న సైగ చేసే సాధనం. కానీ ఊరేగింపులో టపాసు పేలగానే రెండు చేతులా పగ్గం లాగే మనిషికి అది ఇవ్వడం గుర్రానికి చేసే అన్యాయం. తప్పదు, వాడతాం అంటే గొలుసు మెలిక లేకుండా చదునుగా ఉండాలి, గొలుసుకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, కాడ సుమారు 45 డిగ్రీలు వెనక్కి వచ్చాకే గొలుసు పట్టాలి.

ముళ్ళున్న కళ్ళేల మాట. లోపలివైపు మేకుల్లా, రంపంలా ఉన్నవి ఇంకా అమ్ముతున్నారు, కొంటున్నారు. ఇది నచ్చడం నచ్చకపోవడం కాదు, చట్టం ఒప్పుకోదు. బరువు లాగే, మోసే పశువుల మీద 1965 కేంద్ర నిబంధనల్లో ఎనిమిదోది సరిగ్గా ఇదే, ముళ్ళు, బొడిపెలు, పొడుచుకొచ్చినవి ఉన్న బిట్టుగానీ పట్టెడగానీ వాడకూడదు, సవారీకి కూడా. మీ గుర్రం అలాంటిదాంతో వచ్చుంటే ఇవాళే తీసెయ్యండి, పుళ్ళు మానిందాకా నోట్లో ఏమీ పెట్టకండి.

తగిలించే ఎత్తు: బిట్ పెదాల మూలని తాకుతూ ఉండాలి, లాగి పట్టినట్టు ఉండకూడదు. రెండు ముడతలు పడాలి అని పాత లెక్క, పెదాలు కండపట్టిన గుర్రానికీ పల్చటి గుర్రానికీ ఒకే లెక్క కుదరదు. మరీ కిందకుంటే కోరపళ్ళకి కొట్టుకుంటాది, నాలుక దాని మీంచి పైకి తీసేస్తాది, ఆ అలవాటు పడితే మాన్పించడం చాలా కష్టం. మే నెలలో ఎండలో వేలాడిన బిట్టుని అలాగే నోట్లో పెట్టకండి, నీళ్ళలో ముంచి చేత్తో పట్టుకు చూసి పెట్టండి. కొండల మీద చలికాలం తెల్లారగట్ల అయితే దానికి తిరగేసి, అరచేతిలో వెచ్చబెట్టి పెట్టాలి.

5. బిట్ లేనిదయితే

బిట్ లేనిది కాబట్టి నొప్పి ఉండదు అనుకుంటే గౌరి విషయంలో నేను చేసిన తప్పే ఇంకోలా చేసినట్టు. ముక్కు ఎముక కిందకి వచ్చేకొద్దీ పల్చబడి చివర మెత్తటి ఎముకగా మారిపోద్ది. పైగా గుర్రం మనలా నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కొక్కటే దారి. ఆ మెత్తటి చోట పట్టీ పడి బిగిస్తే ఊపిరే అడ్డుకున్నట్టు. కాబట్టి చోటు ఇలా వెతకండి: కంటి కింద నుంచి వేలితో ముక్కు మీదుగా కిందకి రండి, గట్టి ఎముక అయిపోయి మెత్తగా తగిలే చోటు దొరుకుతాది, దానికి కనీసం మూడు వేళ్ళు పైన పట్టీ ఉండాలి. బుగ్గ పక్కన గట్టు లాంటి ఎముక ఉంటాది కదా, దాని కింది కొసకి ఒకటి రెండు వేళ్ళు కిందుగా. గట్టు మీద పడితే ఒరిపిడికి చర్మం లేచిపోద్ది. బిగువు, ముక్కు ముందు వైపు ఎముక మీద రెండు వేళ్ళు దూరేంత వదులు. పక్కన దూర్చి చూస్తే ఎప్పుడూ దూరుతాయి, ముందు వైపే చూడండి. బిట్ వాడేవాళ్ళకి కూడా ముక్కు పట్టీ లెక్క ఇదే, నోరు తెరుస్తోందని బిగించి కట్టెయ్యడం అంటే ఏడుస్తున్న పిల్లాడి నోరు నొక్కడమే.

రకాలు ముఖ్యంగా నాలుగు. ముక్కు పట్టీ రెండు పక్కలా రింగులకి పగ్గాలు కట్టేది అన్నిటికన్నా సులువు, సైగ తేటగా ఉంటాది, ఎటు లాగితే అటు ముక్కు తిరుగుతాది, కొత్తవాళ్ళకీ కొత్త గుర్రాలకీ ఇదే మొదటిది. రెండోది, గడ్డం కింద పట్టీలు ఒకదాన్నొకటి దాటి అటువైపు బుగ్గ మీదుగా వచ్చేది, ఎడమ పగ్గం లాగితే కుడి బుగ్గని నెడతాది, చాలా గుర్రాలు దీన్ని బాగా ఒప్పుకుంటాయి, కాకపోతే చెమటకి తోలు జారక పగ్గం వదిలాక కూడా పట్టు వదలదు ఒక్కోసారి, పట్టీ నున్నగా జారుతోందో లేదో ముందే చూసుకోవాలి. మూడోది ముడులున్న తాడు తలకట్టు, ఆ ముడులు సన్నటి చోట గట్టిగానే నొక్కుతాయి, నేల మీద నేర్పడానికి మంచిది, ఎప్పుడూ లాగుతూ ఉండే చేతికి కాదు. నాలుగోది కాడలూ గొలుసూ ఉన్న హ్యాకమోర్, ఇది బిట్ లేని మీట, మెత్తనిదనే భ్రమలో కొంటారు, పొడుగు కాడలున్నది తప్పుగా పెడితే ముక్కు ఎముకకే దెబ్బ. మలుపు చెప్పడానికి కూడా ఇది అంత బాగుండదు.

మన వాతావరణంలో నైలాన్ పట్టీ కొంటే లోపలివైపు మెత్తటి గుడ్డ కుట్టించండి, చెమటా ఉప్పుగాలీ కలిసి నైలాన్ గరుకెక్కి ముక్కు మీద వెంట్రుకలు ఊడగొడతాది. ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే అక్కడ ఎప్పుడో పుండు పడిందని అర్థం, గుర్రం కొనేటప్పుడు కూడా ముక్కు మీద తెల్ల చార ఉంటే అడగండి.

6. పెట్టి చూసే వారం

కొత్తది ఏదైనా నేరుగా రోడ్డెక్కించొద్దు. మొదటి రోజు ఉత్తినే తగిలించి, పగ్గాలు లేకుండా, పది నిమిషాలు అలా వదిలి చూడండి. రెండో రోజు నేల మీద నుంచే నేర్పాలి, పక్కన నిలబడి "ఆగు" అని చెప్పి, తర్వాత మెల్లగా పగ్గం పట్టి, ఆగిన క్షణంలోనే వదిలెయ్యండి. గుర్రం నేర్చుకునేది లాగడం వల్ల కాదు, వదలడం వల్ల. ఆగాక కూడా పట్టుకునే ఉంటే ఆగడం వల్ల దానికి ఏం లాభం, రేపట్నుంచి ఎందుకు ఆగుతాది. ఎడమకి, కుడికి, వెనక్కి రెండు అడుగులు, ఇవన్నీ నేల మీద కుదిరాకే ఎక్కండి, అదీ కంచె ఉన్న చోటులో, నడక మీద. నడకలో మూడు రోజులు బాగుంటే అప్పుడు దుడుకు నడక.

ఈ వారం అంతా గమనించాల్సినవి: నోరు ఆవులించినట్టు తెరవడం, నాలుక పక్కకి వేలాడెయ్యడం, తల పైకెత్తి ఆకాశం చూడ్డం లేదా గడ్డం ఛాతీకి అంటించెయ్యడం, పళ్ళు పటపటలాడించడం, కళ్ళెం తెచ్చేసరికి తల తిప్పేసుకోవడం, చొంగలో ఎర్ర జీర. వీటిలో ఎర్ర జీర కనపడితే ఆ రోజుకి ఆపెయ్యండి. మిగతావి రెండు మూడు రోజుల్లో తగ్గుతూ పోవాలి, పెరుగుతుంటే అది తప్పు కళ్ళెం లేదా తప్పు కొలత. గుర్రం నోరు మూసుకుని, చెవులు అటూ ఇటూ తిప్పుకుంటూ, మెడ వదులుగా దించి నడుస్తుంటే దానికి ఒప్పిందన్నమాట.

7. బండికీ ఊరేగింపుకీ

అరసవల్లి స్వామి రథానికి ఏడు గుర్రాలు, తోలేవాడు అనూరుడు. అనూరుడంటే తొడలు లేనివాడు. చిన్నప్పుడు ఆదివారం దర్శనానికి తీసుకెళ్ళినప్పుడు తాత ఇది చెప్పి "జట్కావోడూ అంతే, గుర్రం మీద మన కాలుండదు, పగ్గం, గొంతు, అంతే మనకి" అన్నాడు. సవారీ చేసేవాడు తొడతో, ఒంటి బరువుతో సగం మాట చెప్పేస్తాడు, బండివాడికి ఆ దారి లేదు. అందుకే బండి గుర్రానికి కళ్ళెం మార్చేటప్పుడు ఇంకా నిదానం కావాలి, గొంతుకి ఆగడం ముందు గట్టిగా నేర్పాలి. బండికి లివర్‌పూల్ బిట్ అని ఉంటాది, దాని కాడకి పై నుంచి కింద వరకు పగ్గం తగిలించే చోట్లు ఉంటాయి, పై రింగుకి కడితే దాదాపు మీట పడదు, కిందకి వెళ్ళేకొద్దీ బలం పెరుగుతాది. పై రింగుతోనే మొదలెట్టండి. బిట్ లేని కళ్ళెంతో బండి అనేది ఖాళీ దారిలో, నమ్మకమైన గుర్రంతో నెలల తరబడి అలవాటు చేశాకే, విజయనగరం మూడు లాంతర్ల కూడలిలో ఆటోల మధ్య మొదటి రోజు కాదు.

ఊరేగింపు గుర్రానికి నా పద్ధతి ఇది. కింద మామూలు ముక్కు పట్టీ తలకట్టు, దానికి తాడు, దాని మీద కళ్ళెం. నడిపించే మనిషి ఆ తాడే పట్టుకోవాలి. బిట్ రింగు ఒకవైపు పట్టుకుని లాక్కెళ్ళడం మనవైపు బాగా అలవాటు, అలా లాగితే బిట్ మొత్తం అటువైపు జారి ఇటు రింగు పెదవిలోకి వెళ్ళిపోద్ది. విడిది దగ్గర కట్టెయ్యాల్సొస్తే తలకట్టు తాడుతోనే, పగ్గాలతో ఎప్పుడూ కట్టొద్దు, బెదిరి వెనక్కి లాగిందంటే నాలుకే తెగుతాది. పెళ్ళికొడుకు చేతికి పగ్గం ఇవ్వకండి, ఫోటో కోసం అడిగితే విడిగా అలంకారం పట్టీ ఒకటి జీనుకి కట్టి ఇవ్వండి. బ్యాండుకీ టపాసులకీ అలవాటు చెయ్యడం నెలల పని, దూరం నుంచి వినిపిస్తూ దగ్గరకి తెచ్చుకోవాలి, ఆ పని ఎగ్గొట్టి ఇనుముతో భర్తీ చెయ్యాలని చూడ్డమే చాలా ప్రమాదాలకి మూలం.

8. కడగడం, దాచడం

తీసిన వెంటనే మంచినీళ్ళతో కడగండి, దాణా ముక్కలు ఎండిపోతే ఉప్పు కాగితంలా గీస్తాయి. తోలు పట్టీలు తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టి పల్చగా నూనె రాయాలి, వానాకాలం బూజు పడితే కుట్లు కుళ్ళిపోతాయి, కుట్టు తెగేది ఎప్పుడూ దౌడు మీదే. వారానికోసారి ప్రతి కుట్టూ లాగి చూడండి.

ఒక గుర్రం బిట్ ఇంకో గుర్రానికి పెట్టకండి. కొలత కుదరదనే కాదు, గ్లాండర్స్ అనే జబ్బు ముక్కు నీళ్ళు, చొంగ, ఒకే తొట్టిలో నీళ్ళ వల్ల కూడా పాకుతాది, మనుషులకీ అంటుకుంటాది, మందుతో బాగుచేసి ఉంచుకునే జబ్బు కాదు, ఖాయమైతే చట్టప్రకారం ఆ గుర్రాన్ని ప్రాణం తీసెయ్యాల్సిందే. ముక్కు నుంచి చీము, ఒంటి మీద గడ్డలు కనిపిస్తే వెంటనే పశువుల ఆస్పత్రికి చెప్పండి, రక్తం హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా పంపి పరీక్ష చేయిస్తారు. సీజన్లో పక్కూరి గుర్రాలతో కలిసి పనిచేసేటప్పుడు కళ్ళెం, నీళ్ళ బకెట్టు మీవి మీరే తీసుకెళ్ళండి.

ఏడాదికోసారి పళ్ళు చూపించండి, అయిదేళ్ళ లోపు గుర్రమైతే ఆర్నెల్లకోసారి, అప్పుడే కళ్ళెం కొలత కూడా మళ్ళీ చూసుకోండి. మా పాకలో మూడు మేకులున్నాయి, ఒక్కోదాని మీద గుర్రం పేరు, దాని కింద పళ్ళు చూపించిన తారీకు సుద్దతో రాసి ఉంటాది. గౌరి మేకుకి పక్క రింగుల ముక్కు పట్టీ కళ్ళెం ఒకటి, రెండు కీళ్ళ స్నాఫిల్ ఒకటి వేలాడుతుంటాయి, ఇసకలో నేను ఎక్కినా, పిల్లలెక్కినా మొదటిది, ఊరేగింపు ఉన్న రోజు రెండోది.